వాఙ్మూలం ఎవరి భాషలో?

వాక్కు, మూలం అనే రెండు మాటలు కలిస్తే వాఙ్మూలం. వ్యాకరణం చదివినవారికి ఇది అనునాసిక సంధి. వ్యవహారంలో వాంగ్మూలం అయింది. మనిషి నోటి మాటే దీనికి వేరు అని పేరే చెబుతున్నది. ఠాణాలో, ఆసుపత్రిలో, న్యాయస్థానంలో వ్రాసుకొనే కాగితానికి ఇంత చక్కని పేరు పెట్టుకున్నాం గాని, ఆ కాగితంలో ఉన్నది ఎవరి వాక్కు అని మాత్రం అరుదుగా అడుగుతాం. నేరానికి గురైన మనిషి ఏ భాషలో చెప్పుకుంటున్నాడు? అది ఏ భాషలో కాగితమెక్కుతున్నది? తరువాత అతనికి అందవలసిన సాయం ఏ భాషలో అందుతున్నది? ఈ టపాలో నేను అడగదలచుకున్నవి ఈ మూడు ప్రశ్నలే.

మా ఇందూరును ఎరగని మిత్రుల కోసం ఒక మాట. నిజామాబాదు జిల్లా తెలుగు జిల్లాయే, కాని తెలుగు మాత్రమే ఉన్న జిల్లా కాదు. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి వద్ద నిలబడితే అవతలి గట్టు మహారాష్ట్ర. బోధన్ చుట్టుపట్ల మరాఠీ ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నిజాంసాగర్ కాలువల క్రింద సేద్యానికి కోస్తా నుండి వచ్చి స్థిరపడిన రైతుల తెలుగు ఒక తీరు, ఇక్కడి పాత రైతుల తెలుగు మరొక తీరు. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడేదాకా శక్కర్‌నగర్‌లో ఎన్ని ప్రాంతాల మాటలు వినబడేవో అక్కడ పనిచేసిన వారిని అడగండి. తండాలలో లంబాడీ, పట్టణంలో సగం వీధుల్లో ఉర్దూ, ఇటుక బట్టీల్లో, బియ్యం మిల్లుల్లో ఉత్తరాది కూలీల హిందీ, ఒడియా. కంఠేశ్వర్‌లో బస్సెక్కి బోధన్‌లో దిగేలోపు నాలుగు భాషలు చెవిన పడడం ఇక్కడ వింత కాదు. ఆ బస్సులోని వారు ఎవరైనా రేపు ఠాణా మెట్లు ఎక్కవలసి రావచ్చు.

అంగట్లో ఈ భాషలన్నీ ఒకదానితో ఒకటి హాయిగా సర్దుకుంటాయి. చిక్కు వచ్చేది ఒక మాట తేడాతో మనిషి బ్రతుకు మారిపోయే చోట. దీనికి నాకు తెలిసిన ఉత్తమోదాహరణ "ముద్దాయి". అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన "ముద్దయీ" అంటే దావా వేసినవాడు, అభియోగం మోపినవాడు. ఎదుటి పక్షం "ముద్దాఅలైహ్". అదే మాట తెలుగులోకి వచ్చి తలక్రిందులయింది. మన పత్రికల్లోనూ న్యాయస్థానాల్లోనూ ముద్దాయి అంటే నిందితుడు. తెలుగు చదువుకున్న జవాను ఉర్దూ మాట్లాడే ఒక బాధితురాలితో "ముద్దాయి వచ్చేదాకా ఆగు" అంటే, ఆమె చెవికి అది తన పేరే. ఆమె "మై ముద్దయీ హూఁ" అంటే, అతని చెవికి ఆమె నేరం ఒప్పుకున్నట్టు! నవ్వుకోవచ్చు, కాని ఆమె స్థానంలో ఉండి నవ్వలేం.

"అత్యాచారం" చూడండి. తెలుగు పత్రికల వాడుకలో ఇది ముఖ్యంగా మానభంగానికి పర్యాయపదమైంది. హిందీ కూలీ నోట "అత్యాచార్" అంటే దౌర్జన్యం, పీడన. యజమాని కూలి ఎగ్గొట్టి కొట్టినా అది అత్యాచారే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అన్నప్పుడు మనమూ ఆ విశాలార్థంలోనే వాడతాం, మరునాటి పత్రికలో మళ్ళీ సంకుచితార్థంలో చదువుతాం. మరాఠీలో "చేష్టా" అంటే ఎగతాళి. మనకు చేష్ట అంటే చేత, అదీ తరచు వెకిలి చేత. హిందీలో "అనుమాన్" అంటే అంచనా. మనకు అనుమానం అంటే సందేహం. "ఫలానావాడని నా అనుమాన్" అని ఊహ చెప్పినవాడు, తెలుగు కాగితంలో ఆ ఫలానావానిని అనుమానితునిగా పేర్కొన్నవాడవుతాడు. సంస్కృతం అందరికీ పుట్టిల్లు కదా అని మనవంటి పండితులం సంబరపడతాం గాని, ఒకే పుట్టింటి ఆడపడుచులు వేరువేరు అత్తవారిళ్ళలో వేరువేరు బుద్ధులు నేర్చుకున్నారు.

లంబాడీ సంగతి మరింత కష్టం. దానికి తనదంటూ లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దానికి చోటూ లేదు. తండా పిల్ల "యాడి" అంటే అమ్మ. తెలంగాణ తెలుగు చెవికి అది "యాడ" అనే ప్రశ్నలా వినబడుతుంది. భయంతో వణుకుతున్న పిల్ల తల్లిని పిలుస్తుంటే, ఎదుటివారు "ఎక్కడ అని అడుగుతున్నది" అనుకొని ఊరి పేరు చెబితే ఎట్లుంటుంది?

పరభాషల వారి గొడవ ఇది, మనకేమి అనుకోవద్దు. తెలుగువారికీ తెలుగులోనే అనువాదం జరుగుతున్నది. కొన్నేళ్ళ క్రితం ఇళ్ళలో పనిచేసుకొనే ఒక మరాఠీ స్త్రీకి తోడుగా ఒక ఠాణాకు వెళ్ళాను. వచ్చిన తెలుగులో కొంత, మరాఠీలో కొంత చెప్పింది. "హాతాలా ధరూన్ ఓఢలం" అన్నది. మా ఊరి తెలుగులో "చెయ్యి పట్టి గుంజిండు". కాగితం మీద పడినది "నాతో అసభ్యకరముగా ప్రవర్తించినాడు" అని. వ్రాసిన ఉద్యోగి చెడ్డవాడు కాడు. మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు. శిష్టభాషలో వ్రాస్తున్నానని అతని నమ్మకం. నేను ఆ వాక్యాన్ని ఆమెకు విడమరచి చెప్పగానే "నేను ఆ మాట అనలేదు, చెయ్యి పట్టాడని కదా చెప్పాను" అన్నది. అతడు కొట్టివేసి తిరిగి వ్రాశాడు. ఆమె పక్కన ఎవరూ లేకుంటే ఆ వాక్యం అట్లే ఉండేది, క్రింద ఆమె వేలిముద్ర పడేది.

"అసభ్యకరముగా ప్రవర్తించినాడు" అనే వాక్యంలో చెయ్యి లేదు, పట్టడం లేదు, గుంజడం లేదు. ఏమి జరిగిందో చెప్పే క్రియ మాయమై, దాని మీద ఒక అభిప్రాయం మిగిలింది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో ఆమెపై బలప్రయోగం చేస్తే అది భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షను క్రింద నేరం. ఆ బలప్రయోగమేదో చెప్పేది క్రియాపదమే. ఏడాదికో, మూడేళ్ళకో విచారణ వస్తుంది. ఆమె బోనులో నిలబడి "చెయ్యి పట్టి గుంజిండు" అంటుంది. ఎదుటి వకీలు లేచి, "ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదు?" అంటాడు. మొదటి వాఙ్మూలంలో లేనిది తరువాత చెబితే అది లోపం. మొదటిదానికి భిన్నంగా చెబితే అది వైరుధ్యం. ఆ రెంటినీ ఎత్తిచూపడం నిందితుని హక్కు, వకీలు ధర్మం. దానిని నేను తప్పుపట్టను. నా బాధంతా ఒక్కటే. వ్రాయసగాని శైలీదోషం బాధితురాలి అబద్ధంగా లెక్కకు వస్తున్నది.

ఇంతకూ చట్టం ఏమంటున్నది? 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నోటిమాటగా ఇచ్చిన సమాచారాన్ని వ్రాసుకొని, ఇచ్చినవారికి చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ప్రతిని బాధితులకు గాని ఫిర్యాదికి గాని ఉచితంగా ఇవ్వాలి. 193వ సెక్షను ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపు తెలపాలి. మంచి నియమాలే. "చదివి వినిపించాలి" అన్నారు. ఏ భాషలో? "తెలపాలి" అన్నారు. తెలిసేటట్టు ఎవరు చెబుతారు? అక్కడ చట్టం మౌనం.

అదే నిందితుని విషయంలో చట్టానికి ఈ మౌనం లేదు. తనకు తెలియని భాషలో సాక్ష్యం చెబుతుంటే, దానిని తనకు తెలిసిన భాషలో బహిరంగ న్యాయస్థానంలోనే వివరించి చెప్పాలని 314వ సెక్షను. పాత నేరశిక్షాస్మృతిలో ఇది 279. సాక్షికి కూడా తన సాక్ష్యం తనకు తెలిసిన భాషలో వినిపించమని అడిగే అవకాశం ఉంది. అయితే తన సాక్ష్యం ముగిశాక అదే విచారణలో మిగిలినదంతా బాధితునికి అర్థమయ్యేటట్టు చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు. నిందితునికి ఇచ్చినది తీసివేయమని నేననడం లేదు. శిక్షపడే అవకాశమున్నవానికి అది ఉండి తీరాలి. గాయపడినవానికి కూడా ఒక పీట వేయమంటున్నాను.

దారి లేదనడానికీ వీలులేదు, ఎందుకంటే మనమే రెండు చోట్ల దారి వేశాం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను చదవండి. బాలలు చెప్పినది వారికి అర్థమయ్యే సరళభాషలో వ్రాయాలి. వారికి తెలియని భాషలో వ్రాస్తుంటే అనువాదకునిగాని దుబాసీనిగాని ఏర్పాటు చేయాలి. వారికి రుసుము చెల్లించాలి. అట్టివారి జాబితా జిల్లా బాలల సంరక్షణ విభాగం వద్ద ఉండాలని 2020 నాటి నియమాలు. రెండవది ఎస్సీ, ఎస్టీ చట్టం. 2015 సవరణతో, నోటిమాటగా ఇచ్చిన ఫిర్యాదును సంతకానికి ముందు చదివి వినిపించడం అధికారి విధి అయింది. బుద్ధిపూర్వకంగా విధి తప్పితే జైలు. అంటే పదిహేడేళ్ళ పిల్లకు దుబాసీ ఉన్నాడు. పద్దెనిమిది నిండిన మరునాడు లేడు. నేరం అదే, భయం అదే, భాషా అదే.

ఠాణా గడప దాటాక సహాయం అనే మరో ప్రపంచం ఉంది. మహిళలకు 181, జిల్లాకొక సఖి కేంద్రం, పిల్లలకు 1098, అందరికీ 112, అంతర్జాల మోసాలకు 1930, ఉచిత న్యాయసహాయానికి 15100. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఇస్తారు. 396వ సెక్షను క్రింద బాధితుల పరిహార పథకం ఉంది. నేరస్థుడెవరో తెలియకపోయినా, దొరకకపోయినా, బాధితులే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. విచారణ రెండు నెలల్లో ముగించాలి. 397వ సెక్షను ప్రకారం ఆమ్ల దాడికి, అత్యాచారానికి గురైనవారికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఈ పేరాలో ఉన్న విషయాలలో సగమైనా మీ వీధిలో ఎందరికి తెలుసో అడిగి చూడండి. "పరిహారం" అనే మాటనే తీసుకోండి. మా ఊళ్ళో ఆ మాట వినగానే శనిదోషం, నవగ్రహాలు గుర్తుకు వస్తాయి. ఉర్దూవారికి "ముఆవజా" అంటే ఇట్టే తెలుస్తుంది. తెలుగువారికి "సర్కారు ఇచ్చే నష్టం సొమ్ము" అంటే తెలుస్తుంది. ఉన్న హక్కు పేరు తెలియక పోగొట్టుకున్నవారు ఎప్పుడూ ఏ లెక్కలోకీ ఎక్కరు.

ఇతర దేశాల వారు దీనిని ఎట్లా చూశారు? 2012 అక్టోబరులో ఐరోపా సమాఖ్య బాధితుల హక్కులపై ఒక ఆదేశం చేసింది. అందులో మూడవ అధికరణం పేరే, అర్థం చేసుకొనే హక్కు, అర్థం చేయించుకొనే హక్కు. ఫిర్యాదు తనకు తెలిసిన భాషలో ఇవ్వడం, దానికి రసీదు తనకు తెలిసిన భాషలో పొందడం, ఉచిత దుబాసీ, అన్నీ అందులో ఉన్నాయి. అమెరికాలో ఆంగ్లం రానివారికి ప్రభుత్వ సేవలు అందేటట్టు చూడమని 2000లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వు ఇచ్చారు. 2025 మార్చిలో అది రద్దయింది. ఉత్తర్వుగా ఉన్నది ఉత్తర్వుతో పోతుంది, కనుక ఇది చట్టంలోనే ఉండాలని దాని నుండి మనం నేర్చుకోవచ్చు. అక్కడి మన ఆడపిల్లలకూ ఇది పరాయి విషయం కాదు. భర్త కొడుతున్నాడని పరాయి దేశంలో పరాయి భాషలో చెప్పుకోవలసిన దక్షిణాసియా స్త్రీల కోసమే 1985లో న్యూజెర్సీలో "మానవి" అనే సంస్థ పుట్టింది. న్యూజెర్సీలో తెలుగు పిల్లకు దుబాసీ కావాలని మనకు వెంటనే తోస్తుంది. బోధన్‌లో లంబాడీ పిల్లకు కావాలని ఎందుకు తోచదు?

ఆక్షేపణలు నాకు తెలుసు. "మా జవాన్లకు అన్ని భాషలూ వచ్చు, దుబాసీలెందుకు?" అంటారు. నిజమే, ఇందూరులో మూడు భాషలు రానివాడు అరుదు. కాని కూరగాయలు బేరమాడే భాష వేరు, ఒంటి మీద జరిగినది చెప్పుకొనే భాష వేరు. "ఇంటివాళ్ళు తోడు వస్తారు కదా, వాళ్ళు చెబుతారు" అంటారు. కొట్టినవాడు ఆ ఇంటివాడే అయితే? తల్లికి జరిగినదానిని పదేళ్ళ కొడుకు అనువదించవలసి వస్తే ఆ తల్లి ఏమి చెప్పగలదు, ఎంత మింగుతుంది? తండా నుండి వచ్చిన పెద్దమనిషి రాజీ కోరుకుంటే, అతని అనువాదమూ రాజీనే కోరుతుంది. ఇక "యంత్రం అనువదిస్తుంది" అనే కొత్త మాట. యంత్రాన్ని నేను చిన్నచూపు చూడను. ఈ వయసులో కీలుపలక మీద తెలుగు టైపు చేస్తున్నవాణ్ణి. కాని లిపిలేని భాషలో ఏడుస్తూ చెప్పిన మాటను యంత్రం వ్రాసిపెడితే, అది సరిగా వ్రాసిందని ఏ భరోసాతో వేలిముద్ర వేయిస్తారు?

"డబ్బేదీ?" అన్నది అసలు ప్రశ్న. అందుకే ఖర్చు తక్కువైన నాలుగు పనులు చెబుతాను.

మొదటిది: ప్రతి వాఙ్మూలం మీద మూడు గడులు ఉండాలి. చెప్పిన భాష ఏది, వ్రాసిన భాష ఏది, చదివి వినిపించినది ఎవరు, ఏ భాషలో. దీనికి సిరా ఖర్చు తప్ప మరొకటి లేదు.

రెండవది: కీలకమైన వాక్యాలను బాధితుల మాటలోనే, వారి యాసలోనే, ఉద్ధరణ చిహ్నాల నడుమ వ్రాయాలి. "గుంజిండు" అంటే "గుంజిండు" అనే. లంబాడీ అయినా మరాఠీ అయినా తెలుగు లిపిలో వ్రాయవచ్చు, అర్థం క్రింద ఇవ్వవచ్చు. మన లిపికి ఆ శక్తి ఉంది. దానికి తోడు, వాఙ్మూలాన్ని దృశ్య శ్రవణ సాధనాలతో నమోదు చేసే వీలు చట్టం 2009 నుండీ ఇస్తున్నది. మూలధ్వని భద్రంగా ఉంటే, అనువాదం తప్పని రేపు ఎవరైనా నిరూపించగలరు.

మూడవది: పోక్సో క్రింద ఉండవలసిన దుబాసీల జాబితాను పెద్దలకూ వర్తింపజేయాలి. లంబాడీ వచ్చిన ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులు, ఉర్దూ, మరాఠీ మాధ్యమాల్లో పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు, బధిరులకు సంజ్ఞాభాషలో చదువు చెప్పేవారు ప్రతి జిల్లాలో ఉన్నారు. ప్రమాణం చేయించండి, గోప్యతకు కట్టుబడమనండి, రెండు రోజులు శిక్షణ ఇవ్వండి, వచ్చిన ప్రతిసారీ రుసుము ఇవ్వండి. పుణ్యకార్యమని ఊరికే పిలిస్తే రెండు సార్లు వస్తారు, మూడోసారి రారు.

నాలుగవది: హక్కుల కాగితం ఒకటి, ఒక్క పుటలో. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీలలో. లంబాడీలో తెలుగు లిపితో. చదువు రానివారికి అదే విషయం శబ్దరూపంలో, చరవాణిలో వినేటట్టు. తెలంగాణలో ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికారభాష. ఫిర్యాదు ఏ అధికారికైనా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం అంటున్నది. కనుక ఇది దయ అడగడం కాదు.

2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక వ్యాజ్యంలో తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు మనమంతా పొంగిపోయాం. పొంగవలసినదే. అయితే తీర్పు కొసన ఉండే కాగితం. మొదటి కాగితం ఠాణాలో పుడుతుంది. అక్కడ భాష తప్పితే, తీర్పు ఎంత చక్కని తెలుగులో ఉన్నా తప్పిన మాట మీదనే నిలుస్తుంది.

ఇక మన పని. లేఖినిలో అక్షరాలు కూడబలుక్కున్న నాటి నుండి మీలో ఎందరో నాకు తెలుసు. కంప్యూటరు మెనూలకు తెలుగు మాటలు వెదికారు; ఒక్క "బ్రౌజరు"కు తెలుగేమిటని వారాల తరబడి వాదించుకున్నారు. ఆ ఓపికలో పదో వంతు ఇటు పెడదాం. ఠాణాలో, ఆసుపత్రిలో, న్యాయసేవా సంస్థలో బాధితుని చెవిన పడే నూరు మాటలు ఏరుదాం. ప్రతి మాటకూ పల్లెలో అర్థమయ్యే తెలుగు, ఏ ప్రాంతంలో ఏమంటారో, పక్కన ఉర్దూ, మరాఠీ, లంబాడీ సమానార్థకాలు, ఏ మాట ఏ భాషవారికి తప్పుగా వినబడుతుందో ఒక హెచ్చరిక. సొంత పదాల సృష్టి వద్దు. జనం నోట ఉన్నవే కావాలి. ముద్దాయి, అత్యాచారం, చేష్ట, అనుమానం, పరిహారం అనే ఐదు నేను పైన ఇచ్చాను. మిగిలిన తొంభై ఐదు వ్యాఖ్యలలో చేర్చండి. వకీళ్ళు, వైద్యులు, పోలీసు శాఖలో పనిచేసినవారు ఎవరైనా ఈ పుట చదువుతుంటే, నేను చట్టం చెప్పిన చోట సవరణ అవసరమైతే నిర్మొహమాటంగా తెలుపగలరు. లంబాడీ ఇంటిభాషగా ఉన్న మిత్రుల మాట కోసం మరీ ఎదురుచూస్తుంటాను. జాబితా పూర్తయిన నాడు దానిని అచ్చు తీసి, మా జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి వచ్చే పూచీ నాది.